తేలని ఓటు

జూలై 2. తుంపర. పొద్దున గుమ్మం కడిగాను.

లివర్‌పూల్‌లో మా పేట తాతల నాటి నుంచీ లేబర్‌దే. గెలుపు ఖాయం కనక ఓటడగడానికి ఎవరూ గడప తొక్కరు. ఈసారి ఆ పార్టీ నుంచి మోరీన్ వచ్చింది. ఇంకా తేల్చుకోలేదన్నాను. అలాంటివాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళడం వాళ్ళ పద్ధతి.

ఇవాళ మళ్ళీ వచ్చింది.

"ఆల్ఫ్ గారూ, నేనడిగేది ఓటండీ, మీ ఆస్తి కాదు!"

"కూర్చో, టీ పెడతాను. ఆ అద్దెల సంగతేదో చెప్పు."

"మొన్న చెప్పాగా!"

"మర్చిపోయాను."

నవ్వి, తడిసిన కోటు విప్పింది. చాలాసేపు చెప్పింది.

"ఎల్లుండే పోలింగు. రేపు ఆఖరిసారి వస్తా."

లేబర్‌కే ఓటేసి, పోయిన వారమే పోస్టులో పంపేశాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

రేపటికి బిస్కెట్లు తెచ్చాను. ఆమె తాగిన కప్పు మాత్రం ఇంకా కడగలేదు.