గులకరాయి తీర్పు

“పీట దిగు సిద్దమ్మా. నీతోని అయితలేదు” అన్నాడు రాంచంద్ర పటేల్.

కల్లంలో చేటలన్నీ ఆగిపోయాయి. నిజాం సర్కారు రోజుల్లో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏ కల్లం చూసినా, ముక్కాలి పీట ఎక్కి వడ్లు తూర్పారబట్టేది మగవాళ్లే. ఆడవాళ్లు కింద నిలబడి చేటలు అందించాలి. ఒక్క సిద్దమ్మ మాత్రం ఇరవై ఏళ్లుగా పీట మీదే ఉంది. ఆమె చేట వంచితే గాలి కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని వీస్తుందని పేరు. పీట దిగమనడమంటే ఆమెను తల దించుకోమనడమే.

పటేల్ కోపమంతా రాశిలో దొరికిన గులకరాళ్ల మీద. చేట సరిగ్గా ఎత్తి పోస్తే పెద్ద రాయి ముందు పడుతుందనీ, చిన్న రాయి వెనకబడి పొట్టుతోపాటు అవతలికి కొట్టుకుపోతుందనీ ఆయన వాదన.

సిద్దమ్మ దిగలేదు. “రాయి పెద్దదైనా చిన్నదైనా ఒక్కతీర్గనే పడ్తది పటేలా. గాలికి దొరికేది పొట్టే. రాళ్లకు జల్లెడ పట్టాలె” అంది.

బరువైనది ముందు పడుతుందని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసన్నాడు పటేల్. ఒక చేత రాయి, ఒక చేత మోదుగాకు పట్టుకుని అందరి ముందూ వదిలాడు. రాయి దబ్బున పడింది. ఆకు మాత్రం పనికి పిలిచిన బద్ధకస్తుడిలా అటు తిరిగి ఇటు తిరిగి తీరిగ్గా వచ్చి వాలింది. చూశారా అన్నట్టు నలుగురి వైపూ తిరిగాడు పటేల్.

సిద్దమ్మ ఆ ఆకునూ రాయినీ పైకి అందించమంది. ఆకును పిడికిట్లో నలిపి ఉండ చేసి, రాయితో కలిపి పీట మీది నుంచి వదిలింది. రెండూ జంటగా నేలను తాకాయి.

“ఆకు బరువేమన్న పెరిగిందా పటేలా? పరిచిన ఆకునైతే గాలి కింది నుంచి మోస్తది. ఉండ జేస్తే దానికి పట్టు దొరకది. ఇగ రాయినేం మోస్తది?”

కింద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పటేల్‌కు తగలాల్సిన చోటే తగిలింది. ఇంత తక్కువ ఎత్తు నుంచి పడితే ఎవరికి తెలుస్తుంది, కల్లం పక్క బావిలో వేసి తేల్చుకుందామన్నాడు. పెద్ద రాయి ముందు పడితే సిద్దమ్మ పీట దిగాలి, మళ్లీ ఏ కల్లంలోనూ ఎక్కకూడదు. రెండూ ఒక్కసారే పడితే ఆమె బతికినంత కాలం పీట ఆమెదే.

“గట్లనే” అంది సిద్దమ్మ.

మరి తీర్పు చెప్పేదెవరు? కూలీల కళ్లు సిద్దమ్మ గెలవాలని చూస్తాయి, జీతగాళ్ల కళ్లు పటేల్ గెలవాలని చూస్తాయి. అందుకని చూపు లేని లాల్ మహమ్మద్‌ను పిలిచారు. ఆయన చెవులంటే ఊరంతటికీ గురి. మహేశ్వరం బాటలో బండి వస్తుంటే ఎద్దుల మెడలోని గంటలు విని, ఆ బండి ఎవరిదో, ఎడమ ఎద్దుకు ఏ కాలు నొస్తోందో చెప్పేవాడు. ఆ చెవులు ఒక్కనాడూ తప్పలేదని ఆయనకూ బాగానే గర్వం.

లాల్ మహమ్మద్ బావి గట్టు మీద కూర్చుని తల వంచాడు. మిగతావాళ్లను పది అడుగుల అవతల నిలబెట్టారు. పటేల్ ఒక చేత కొబ్బరికాయంత రాయి, ఇంకో చేత రేగుపండంత గులకరాయి పట్టుకుని బావి మీదికి చేతులు చాపాడు. ఎదుటి గట్టు మీది నుంచి సిద్దమ్మ ఆయన వేళ్లనే చూస్తోంది. బావి లోపల చీకటి తప్ప ఏమీ కనిపించదు. రెండు పిడికిళ్లూ ఒక్కసారే విచ్చుకున్నాయి.

ఎక్కడో అడుగున బుడుంగుమంది.

“ఏది ముంగట పడ్డది లాల్ భాయ్?” అన్నాడు పటేల్.

“ఒక్కటే పడ్డది.”

“నేను రెండేసిన.”

“నువ్వెన్నేసినవో నాకేం ఎర్క పటేలా. నా చెవులకైతే ఒక్కటే ఇనొచ్చింది.”

రెండూ కలిసి పడ్డాయి కాబట్టే ఒక్క చప్పుడు వచ్చిందని సిద్దమ్మ అంది. అది ఒప్పుకుంటే పటేల్ ఓడిపోయినట్టే. నలుగురిలో ఓడిపోవడం ఆయన ఇంటా వంటా లేదు. రెండు రాళ్లు వేస్తే రెండు చప్పుళ్లు రావాల్సిందేనన్నాడు. పడింది పెద్ద రాయి అనీ, చిన్నది ఇంకా దారిలోనే ఉందనీ తేల్చేశాడు.

సిద్దమ్మ ఆ మాటనే పట్టుకుంది.

“మంచిది పటేలా. చిన్నది ఎనుక పడ్డదని లాల్ మహమ్మదన్న ఎప్పుడు చెప్తె గప్పుడు దిగుత. అందాక పీట నాదే.”

పటేల్ సరేనన్నాడు. అనకేం చేస్తాడు? అందరూ బావి చుట్టూ కూర్చున్నారు. లాల్ మహమ్మద్ చెవి దగ్గర పెట్టిన చెయ్యి తీయలేదు. బీడీలు అయిపోయాయి. బావి మాత్రం కిక్కురుమనలేదు. ఇంతలో గాలి లేచి కల్లంలో పొట్టు కదిలింది. ఆ గాలి పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పటేల్ గొంతు సవరించుకుని, అది పడేదాకా పని ఆపుకుంటామా అంటూ పీట వైపు చెయ్యి చూపించాడు. సిద్దమ్మ కొంగు బిగించి, దొరసాని గద్దె ఎక్కినట్టు ఎక్కింది.

మరుసటి ఏడు కోతలకూ ఆమే ఎక్కింది, ఆపై ఏడూ ఆమే. దిగమనే మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

నాలుగేళ్ల తర్వాత రావిర్యాల నుంచి పటేల్ వియ్యంకుడు వచ్చాడు. తమ ఊరి బావి అంతటిదనీ ఇంతటిదనీ పొద్దంతా చెప్పి, చివరికి మీ బావి లోతెంత అని అడిగాడు.

పటేల్ ఛాతీ విరుచుకుని అన్నాడు: “నాలుగేండ్ల కింద ఒక గులకరాయి ఏసిన. ఇంక దిగుతనే ఉన్నది.”