ఫొటో కింద పేరు

కితామురా గారి పెరట్లో ఒక్క పువ్వూ మిగల్లేదు. అన్నిటినీ వేళ్లతో సహా పీకి ఎవరో గోడవారన కుప్ప పోశారు.

మెడలో కెమెరాతో వచ్చిన నుమతా ఆ కుప్ప దగ్గరే ఆగిపోయాడు. ఆ పిచ్చిపూలనే దగ్గరగా తీసిన ఫొటోకు మొన్న టౌన్ హాల్లో అతనికి మొదటి బహుమతి వచ్చింది.

"ఎవరండీ ఈ పని చేసింది? పోటీలో ఓడినవాళ్లే అయ్యుంటారు. మీరెవర్నైనా చూశారా?"

"ఎవర్నో చూడ్డమెందుకు? నేనే పీకాను" అంది కితామురా గారు, చేతుల మట్టి దులుపుకుంటూ.

"మీరా? ఈ పేదగడ్డి పీకిన ఇంటికి దరిద్రం పట్టుకుంటుందని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదండీ."

"ఫొటో కింద 'పేదగడ్డి, కితామురా గారి పెరడు' అని రాసి ఊరందరికీ చూపించాక, ఇంక కొత్తగా పట్టుకునేదేముంది? నిన్న కూరగాయల కొట్టామె అడక్కుండానే రెండు ముల్లంగులు ఎక్కువ వేసింది. జాలిపడి వేసిందని తెలిసినా వద్దనలేకపోయాను."

నుమతా కెమెరాకు మూత పెట్టాడు.

"మీరలా రాసే మనిషి కాదులెండి. హాలువాళ్లే మార్చుంటారు" అందామె.

అవునంటే సరిపోయేది. అతను ఆ కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"హాలువాళ్లు కాదండీ. మొదట వసంత చామంతి అని దీని అసలు పేరే రాశాను. ఆ పేరుకు బహుమతి రాదనిపించింది. అది కొట్టేసి, పేదగడ్డి అని రాసి, పక్కన మీ పేరు చేర్చింది నేనే."