గొర్రెలకాపరి పాట

పాటల పుస్తకం చివరి పేజీ దాకా తిరగేసి పాస్టరు తల అడ్డంగా ఊపాడు. విరుదునగర్ చర్చిలో ఆరాధనంతా తమిళంలోనే. ఆ పుస్తకంలో తెలుగు పాట ఒక్కటీ లేదు, ఉండదు కూడా. పుస్తకంలో లేని పాటను సమాధి ప్రార్థనలో పాడనివ్వలేనని ఆయన మెత్తగానే చెప్పాడు.

సీనివాసన్ కదల్లేదు. కోవిల్‌పట్టి పక్క పల్లెలో నల్లరేగడి దున్నుకునే తెలుగు మనిషి. వానలు మొహం చాటేసిన ఏడు కూడా పత్తి వేసి తీరినవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పైగా ఈరోజు లోపల పెట్టెలో పడుకున్నది జ్ఞానసిగామణి సార్. చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించిన మాస్టారు. ఆయన్ని మట్టిలో పెట్టేలోపు ఆ పాట ఒక్కసారి వినిపించాలి. అంతకు మించి సీనివాసన్ ఈ ఊళ్ళో ఎవరినీ ఏమీ కోరలేదు.

“తాతా, వాళ్ళ కోవిలు, వాళ్ళ రూలు. దండం పెట్టుకోని పోతాము రా,” అని మనవరాలు యువరాణి అతని చెవిలో గొణిగింది.

“నువ్వు సుమ్మా ఉండు పాపా. సార్‌కి పాడకుండా నేను యాడికీ రాను.”

ఆ పాట వెనక ఉన్న కథ యువరాణికి కంఠతా వచ్చు. వాళ్ళింట్లో రానివాళ్ళు లేరు. శనివారం పెరుమాళ్ళకు తులసి వేసి, ఆ వెంటనే అరుగు మీద కూర్చుని చర్చి పాట కథ చెప్పే మనిషి ఆ పల్లెలో ఇతనొక్కడే. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను కూడా వదిలేవాడు కాదు.

ఎక్కడో దొరల సీమలో, మంచు కురిసే కొండ మీద ఒక గొర్రెలకాపరి దారి తప్పాడట. భయంతో కన్ను మూతపడలేదట. అప్పుడు పక్కనే ఎవరో పాడుతున్నట్టు వినబడిందట. “పండుకో పండుకో, పక్కనే నేనుండాను. తెల్లారేదాకా నేను కన్ను మూయను.” పొద్దున లేచి చూస్తే చుట్టుపక్కల మనిషి జాడ లేదు. ఆ గొంతు దేవుడిదేనని తెలుసుకుని కాపరి ఆ మాటలనే పాటగా కట్టాడు. తర్వాత ఆంధ్రలో ఎవరో దొర దాన్ని తెలుగు చేశాడు. మంచు ముఖం ఎరగని కోవిల్‌పట్టి పిల్లవాడు ఇదంతా నమ్మాడు. నమ్మక చస్తాడా, చెప్పింది సార్!

అప్పటికి సీనివాసన్‌కు ఆరేళ్ళు. అమ్మకు క్షయ పట్టి విరుదునగర్ ఆస్పత్రిలో చేర్చారు. పిల్లలను లోపలికి రానిచ్చేవారు కాదు. నాయన చేను వదిలి రాలేడు. అందుకని పిల్లవాణ్ణి అదే ఊళ్ళో మిషన్ హాస్టల్లో వేశారు. పడుకునే వేళ దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేవాడు. ప్రార్థన గంట కొట్టాక ఆ హాస్టల్లో దేవుడి పాట తప్ప మరేదీ వినబడకూడదు. సార్ వచ్చి పక్కన కూర్చుని, పిల్లవాడి ఇంటి భాషలో ఈ పాట పాడేవారు. ఆయనది తమిళ నాలుక. తెలుగు మాటలు అక్కడక్కడా విరిగేవి. విరిగినా నిద్ర పట్టేది. ఆ ఏడే అమ్మ పోయింది. ఆమె ముఖం అతనికి గుర్తు లేదు, ఒక ఫొటో అయినా లేదు. ఆ రోజులకు గుర్తుగా ఈ పాటే మిగిలింది.

సీనివాసన్ పాస్టరుకూ ఆ కథంతా చెప్పాడు. పాస్టరు కాస్త నీళ్ళు నమిలి, తాను ఆంధ్రలో చాలాకాలం పనిచేశానని, ఈ పాట గానీ, ఈ కాపరి కథ గానీ అక్కడ ఎవరి నోటా వినలేదని చెప్పాడు. బహుశా సార్ తనకు తానే కట్టి ఉంటారేమో అన్నాడు.

సీనివాసన్ ముందు చిన్నబోయాడు. అరవై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పిన కథ ఉత్తదేనా? ఆ వెనకే అతని గుండె నిండిపోయింది. ఏడ్చే పిల్లవాడొకడి కోసం సార్ ఏకంగా ఒక పాటే కట్టారన్నమాట. ఇప్పుడు మరీ పాడకుండా వెళ్ళలేడు.

ఈలోగా పెట్టె పక్కన కూర్చున్న సార్ భార్య నుంచి కబురొచ్చింది. పుస్తకం సంగతి దేవుడు చూసుకుంటాడు, ఆ అబ్బాయిని పాడనివ్వండని. అరవై ఎనిమిదేళ్ళ అబ్బాయి తుండు భుజం మీంచి తీసి నడుముకు చుట్టి, పెట్టె దగ్గర నిలబడి పాడాడు. రెండో చరణం నుంచి యువరాణి కూడా గొంతు కలిపింది. అర్థం తెలియని భాష అయినా చర్చిలో ఎవరూ దగ్గలేదు.

పాట అయ్యాక అతను వంగి పెద్దావిడ కాళ్ళకు దండం పెట్టాడు. “ఇది నా కోసం సార్ కట్టిన పాటని ఇప్పుడే తెలిసింది టీచరమ్మా,” అన్నాడు తమిళంలో.

ఆవిడ కూడా తమిళంలోనే జవాబిచ్చింది. “కట్టడమా? ఆయనకు రాగమే నిలవదు, తెలుగు ఒక్క ముక్క రాదు. హాస్టల్లో దేవుడి పాటే పాడాలి గనక దీన్ని దేవుడి పాట అన్నారు. అన్నాక దానికో కథ కావాలి గదా, గొర్రెలకాపరిని తెచ్చారు. నువ్వు పెద్దయ్యాక నిజం చెబుదామనుకున్నారు. నువ్వేమో వచ్చినప్పుడల్లా ఆ కాపరి కథే మురిసిపోతూ చెప్పేవాడివి. ఆయనకు నోరు రాలేదు.”

మరి తెలుగు రాని మనిషికి ఆ పాట ఎలా వచ్చిందని సీనివాసన్ అడిగాడు.

“నేర్చుకున్నారు. బడి వదలగానే సైకిలెక్కి వెళ్ళి, కిటికీ బయట నిలబడి ఒక్కో మాటా నేర్చుకుని, మరిచిపోకుండా దారంతా పాడుకుంటూ వచ్చేవారు.”

“ఎవరి దగ్గర టీచరమ్మా?”

“మీ అమ్మ దగ్గర.”