సరిదిద్దిన మాట

2007 డిసెంబరులో ఒక రాత్రి, పుంగనూరులోని మా ఇంట్లో, నా ల్యాప్‌టాప్ మళ్లీ నిద్ర లేవలేదు. దాని అంచున ఉన్న చిన్న దీపం మినుకుమంటున్నా తెర నల్లగానే ఉంది. పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను.

"ఏమండీ, కొంచెం ఇక్కడికి రండి. గుండెలో నొప్పిగా ఉంది."

వంటగదిలో నుంచి నా భార్య సుభద్రమ్మ గొంతు. ఆమె పోయి ఏడాది అయింది.

ఆనాడు కూడా నేను ఈ యంత్రాన్నే లేపుతున్నాను. "ఏమండీ, రొంత ఈడికి రాండి. యెదలో నొప్పిగా ఉండాది" అన్నది. నేను తల ఎత్తకుండానే, "'ఉండాది' కాదు, 'ఉంది' అనాలి" అని సరిదిద్దాను. ఆమె మరి మాట్లాడలేదు. తెర వెలిగాక వెళ్లి చూస్తే పొయ్యి పక్కన పడి ఉంది. పిలవగానే నేను లేచి ఉండవలసింది.

ఇప్పుడు బటన్ మీది వేలు కదలడం లేదు.

"ఈసారి తప్పేమీ లేదు కదండీ?"