పది అడుగుల లోపల

నందు కాలు మెలికపడింది. ఆట ఆగిపోయింది.

రెండు టీములూ చెరో రౌండు గెలిచాయి. మిగిలింది ఒక్క రౌండు, మూడు నిమిషాలు.

"ఐదుగురు లేకపోతే మ్యాచ్ అవతలోళ్లదే," అన్నాడు రెఫరీ.

ఎల్లేష్‌కి ఒళ్లు మండింది. రంగు గుండ్లతో కొట్టుకునే పెయింట్‌బాల్ ఆటలో, నందు ఉన్న ఛత్రినాక టీముకు తనే కెప్టెన్. రెండేళ్లుగా ఫైనల్లో దబీర్‌పురా వాళ్ల చేతిలో ఓడిపోతున్నాడు. గెలిచినవాళ్లు బెంగళూరు పోటీలకు వెళతారు, ఓడినవాళ్లు సోమవారం పొద్దున్నే పనికి వెళతారు. పైగా వచ్చే నెలలో పెళ్లి. పెళ్లయ్యాక ఆట బంద్ అని ఇంట్లో ముందే చెప్పేశారు. ఇదే ఆఖరి అవకాశం.

కంచన్‌బాగ్ దాటాక ఉంటుంది ఆ గ్రౌండు. జాలీ కంచె అవతల ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ప్రతి ఆదివారం వస్తాడు, చూస్తాడు, పోతాడు. పేరు ఎవరూ అడగలేదు.

ఎల్లేష్ అటు పరుగెత్తాడు.

"అన్నా, ఆడతవా? ఊకె నిలవడితె చాలు."

ఆయన గన్నులూ మాస్కులూ ఇచ్చే ప్రేమ్‌రాజ్ వైపు చూశాడు. ప్రేమ్‌రాజ్ నల్లద్దాలు సర్దుకున్నాడు. తర్వాత తల ఊపి గన్ను అందించాడు.

"ఒక్క మాట తమ్మీ," అన్నాడాయన. "పది అడుగుల లోపల కొట్టొద్దు. సరెండర్ అడుగు."

ఆ రూలు ఎల్లేష్‌కి తెలియనిది కాదు. అంత దగ్గరికి వెళ్లినవాడు పేల్చకూడదు, లొంగిపొమ్మని అడగాలి. అడిగేలోపు అవతలివాడు తననే కొడితే? అందుకే ఎల్లేష్ అడగడు. ఉరుకుతాడు, మీద పడతాడు, పేలుస్తాడు. వాడికి పేరు తెచ్చిందే ఆ ఉరుకుడు.

"సరే సరే. జల్ది మాస్కు పెట్టు."

ఆయన పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకోక నలుగురి మాస్కు పట్టీలూ ఒక్కొక్కటే లాగి చూశాడు.

"ఏంది అన్నా గీ లొల్లి? టైమైతుంది."

"లోపల ఆవిరి పడ్తది. తుడుసుకుందామని పైకి లేపకుర్రి."

విజిల్ మోగింది.

ఎల్లేష్ లెక్క సులువు. ఈ కొత్తాయన నడుమ డ్రమ్ము వెనక నుంచి పేలుస్తుండాలి. వాళ్లు తలలు దించుకోవాలి. తను ఎడమ పక్క నుంచి ఉరకాలి.

కొత్తాయన రెండే గుండ్లు పేల్చాడు. రంగు పడ్డ ఇద్దరు దబీర్‌పురా వాళ్లు చేతులెత్తి బయటికి నడిచారు. అదృష్టం అనుకున్నాడు ఎల్లేష్.

చూస్తుండగానే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు మిగిలారు. ఇంకో ముప్పై సెకన్లు. టైర్ల గోడ వెనక దబీర్‌పురా విశాల్ నక్కి ఉన్నాడు.

ఎల్లేష్ ఉరికాడు.

మాస్కు అద్దం నిండా ఆవిరి. విశాల్ నీలం చొక్కా తప్ప ఏమీ ఆనడం లేదు. అది చాలు. పదిహేను అడుగులు, పది, ఐదు. ట్రిగ్గర్ నొక్కేశాడు.

కొత్తాయన ఎటునుంచి వచ్చాడో, విశాల్ తలను తన గుండెకు అదుముకున్నాడు. మూడు గుండ్లూ ఆయన వీపు మీదే పగిలాయి.

ఎల్లేష్ కొయ్యబారిపోయాడు. తమవాడు పోయి అవతలివాణ్ణి కౌగిలించుకోవడమేమిటి? తేరుకునేలోపు దబీర్‌పురా రెండోవాడు వచ్చి ఎల్లేష్ భుజానికి గురిచూసి కొట్టాడు.

మళ్లీ విజిల్. ఫైనల్ పోయింది, బెంగళూరు పోయింది.

బయటికి రాగానే ఎల్లేష్ ఆయన కాలర్ పట్టుకున్నాడు.

"వాళ్ల మనిషివా నువ్వు? చెప్పు, వాళ్ల మనిషివేనా?"

"ఆ పిల్లగాడు మంచిగున్నడా?" అని మాత్రం అడిగాడాయన.

"మూడేండ్ల కష్టం మట్టిల కలిపినవ్. ఇంకోసారి ఈడ కనవడితె బాగుండదు."

ఆయన విడిపించుకోలేదు. ఎల్లేషే వదిలాడు. ఆయన గన్నూ మాస్కూ బల్ల మీద పెట్టి, వీపు మీది రంగైనా తుడుచుకోకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

ఐదు నిమిషాలకు విశాల్ వచ్చాడు.

"ఆ అన్న ఏడి భాయ్? తప్పు నాదే. ఏం కనవడక మాస్కు పైకి లేపి తుడుస్తున్న. నువ్వొచ్చుడు చూడనే లేదు."

"మొఖం మీద మాస్కు లేకుండెనా?"

"నెత్తి మీదుండె."

ఐదు అడుగుల దూరం, మూడు గుండ్లు, సూటిగా మొహం మీదికి.

ఎల్లేష్ గేటు దాకా పరుగెత్తాడు. రోడ్డు మీద ఆయన జాడ లేదు. తిరిగొచ్చి ప్రేమ్‌రాజ్ ముందు నిలబడ్డాడు.

"ఎవరన్నా ఆయన? యాడుంటడు? పోయి కాల్మొక్కి వస్త."

"రవీందర్ అని. అప్పట్ల మీ ఛత్రినాక టీంకు ఆయనే కెప్టెన్."

"మరి ఆట ఎందుకు బంద్ చేసిండు?"

ప్రేమ్‌రాజ్ నల్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు. అతని ఎడమ కంటిలో చూపు లేదు.

"ఎనిమిదేండ్ల కింద నీలెక్కనే ఉరికొచ్చి, మాస్కు లేపిన నా మొఖం మీద కొట్టింది ఆయనే."