శాలువా తీర్పు

శ్యామ్‌సుందర్ ఇడ్లీ తింటున్నాడు. అదీ కారులో కూర్చుని, హీటరు వేసుకుని.

కూతురి కారులోంచి చూసిన కొండల్ రావుగారు నిర్ఘాంతపోయారు. అద్దం మీది ఆవిరిని జేబురుమాలుతో తుడిచి మళ్ళీ చూశారు. సందేహం లేదు. కళ్ళద్దాలు గంట క్రితమే కొత్తవి పెట్టించుకున్నారు.

బయట అక్టోబరు గాలి చెట్లను వంచుతోంది. వడగళ్ళు రోడ్డు మీద పడి ఎగురుతున్నాయి. శ్యామ్‌సుందర్ కారు ముందు ఎవరో పోటీ మనిషి, పసుపుపచ్చ రెయిన్‌కోటు వీపున నలభై ఆరో నంబరు కట్టుకుని, తల వంచుకుని సైకిలు తొక్కుతున్నారు. దాటిపోవడానికి చోటున్నా కారు ఆ సైకిలు వెనకాలే పాకుతోంది.

"ఇతగాడు ఇవాళ ఆ పోటీలో ఉండాలి కదమ్మా?" అని కూతుర్ని అడిగారు.

"అవును నాన్నా, ట్రయథ్లాన్," అంది జయంతి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని. "రెండున్నర మైళ్ళు ఈత, నూట పన్నెండు మైళ్ళు సైకిలు, ఆపైన మారథాన్. మా ప్లెయిన్స్‌బరోలో ఏడాదిగా అందరికీ అదే కథ చెబుతున్నాడు. మంచులో మేం పరిగెత్తాం, వానలో మేం తొక్కాం అంటూ. పార్టీలకి కూడా ట్రాక్‌సూట్‌లోనే వస్తాడు."

"మేమా? మహారాజులవారు కాబోలు!"

కూడలిలో తడిసి ముద్దయిన కార్యకర్త ఒకామె కార్ల వాళ్ళకు పోటీ నియమాల కాగితం పంచుతోంది. కొండల్ రావుగారు తీసుకుని చదివారు. పోటీదారు వెంట తిండి, నీళ్ళు అందించడానికి ఒక సహాయకుడు సొంత కారులో రావచ్చు. పోటీదారు మాత్రం ఏ మోటారు వాహనమెక్కినా పోటీ నుంచి తొలగించబడును.

ఆయన జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి రెండో వాక్యం కింద గీత గీశారు.

ముప్పై ఏళ్ళు మున్సిఫుగా పనిచేసిన మనిషి. ఆయన ఇచ్చిన తీర్పుల్లో అప్పీలులో తిరగబడ్డది ఒక్కటీ లేదు. ఆయన అమెరికా వచ్చిన ఈ మూడు నెలల్లో ఆ సంగతి వినని తెలుగువాడు న్యూజెర్సీలో లేడు.

మర్నాటి సాయంత్రం తెలుగు సంఘం దీపావళి సభ. అద్దెకు తీసుకున్న స్కూలు భోజనశాల నిండిపోయింది. శ్యామ్‌సుందర్ ముందురోజు రాత్రే సంఘం అధ్యక్షుడు రాజగోపాల్‌కు ఫోన్ చేసి, "మేం పూర్తి చేశాం" అని చెప్పాడట. వెంటనే ఒక శాలువా సిద్ధమైంది.

కొండల్ రావుగారు నియమాల కాగితం, డైరీ పట్టుకుని మొదటి వరుసలో కూర్చున్నారు. అనర్హుడి భుజాల మీద ఆ శాలువా పడితే తన ముప్పై ఏళ్ళ కుర్చీకీ అర్థం లేదనిపించింది ఆయనకు.

"ఏమమ్మాయ్, కాఫీ అడిగి పది నిమిషాలైంది!"

శ్యామ్‌సుందర్ భార్య రేణు కప్పు పట్టుకుని వచ్చింది. ఈసారి వంట వంతు ఆమెది. చలిగాలికి కమిలిన ముఖం, పీక్కుపోయిన కళ్ళు. చీర మీద వేసుకున్న స్వెట్టరు చేతులు వేళ్ళదాకా దిగి ఉన్నాయి.

"క్షమించండి బాబాయిగారూ, మోకాళ్ళు పట్టేశాయి."

"ఈ వయసుకే మోకాళ్ళా! కాస్త ఒళ్ళు వంచి పని చేస్తే అవే సర్దుకుంటాయి. నిన్న మీ ఆయన కారులో మెక్కిన ఇడ్లీలు నువ్వు పోసినవేనా?"

"నేనేనండీ. బయల్దేరే ముందు, మూడింటికి లేచి పోశాను."

మొగుడి పిచ్చికి ఈ పిల్ల బలైపోతోందని ఆయన మనసు కరిగింది. న్యాయదీక్ష ఇంకా గట్టిపడింది.

"తుపానును జయించిన మన వీరుడు!" అని రాజగోపాల్ మైకులో అరిచాడు. వేదికెక్కిన శ్యామ్‌సుందర్ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. చప్పట్లు మోగాయి. నోరు మూసుకుని, మెడ వంచాడు.

"ఆగండి!"

కొండల్ రావుగారు లేచి నిలబడ్డారు.

"ఏమయ్యా, నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు నువ్వు కారులో ఇడ్లీ తింటున్నావా, లేదా?"

"తిన్నానండీ."

"సైకిలు దారిలో ఎన్ని మైళ్ళు కారులో వచ్చావు?"

శ్యామ్‌సుందర్ చెమట తుడుచుకున్నాడు. "నూట పన్నెండూ అండీ."

"ఓరి నీ!" అన్నారెవరో వెనక నుంచి.

"పరుగు?"

"అదీ కారులోనేనండీ."

"విన్నారుగా!" కొండల్ రావుగారు సభ వైపు తిరిగి డైరీ తెరిచారు. "ఇతని కారు ముందు ఒక మనిషి వడగళ్ళకు వీపొగ్గి సైకిలు తొక్కడం నేను కళ్ళారా చూశాను. నంబరు నలభై ఆరు. ఎవడో, ఏ దేశం వాడో నాకు తెలియదు. కాని మగవాడంటే వాడు! న్యాయంగా ఈ శాలువా పడవలసింది వాడి భుజాల మీద. ఇదే నా తీర్పు. అప్పీలుంటే చెప్పు."

"లేదండీ," అన్నాడు శ్యామ్‌సుందర్.

రాజగోపాల్ చేతిలోంచి శాలువా తీసుకుని వేదిక దిగి, తలెత్తకుండా వంటగది గుమ్మం దాకా నడిచి, గారెల పళ్ళెంతో కుంటుకుంటూ వస్తున్న రేణు భుజాల మీద దాన్ని కప్పాడు. వేడినూనెకు భయపడి ఆమె పైకి మడుచుకున్న స్వెట్టరు చేతుల కింద, ముంజేతి మీద పోటీ నిర్వాహకులు నల్లసిరాతో రాసిన నలభై ఆరు ఇంకా చెదరలేదు.