రెండు బజార్ల ప్రభ

"ఒరేయ్, ప్రభను పడగొడతారా ఏంది?"

ఊరి పెద్ద బాలకోటయ్య తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు.

వెదురు గడలతో, రంగు గుడ్డలతో, లైట్లతో కొండ దేవుడికి కట్టిన డెబ్బై అడుగుల ప్రభ. ట్రాక్టరు లాగుతుంది. ఒరగకుండా రెండు పక్కలా మోకులు పట్టుకుని మనుషులు నడవాలి. కుడి మోకులు పై బజారు పట్టింది, ఎడమ మోకులు కింద బజారు. వీళ్లు లాగితే వాళ్లు పంతానికి ఇంకా లాగారు. ప్రభ ఊగింది.

ఆ బజార్లకు పడదు. ఎక్కడ కూడినా కులం మాట వస్తుంది, తర్వాత చెయ్యి లేస్తుంది. ఆరేళ్ల కింద కొట్లాటలో ప్రభ పడిపోయింది; అప్పట్నించీ ఆ ఊరి ప్రభ కోటప్పకొండకు వెళ్లలేదు. ఈ శివరాత్రికి పోలీసులు ఒప్పుకున్నారు. గొడవయితే ఇక ఎన్నటికీ ప్రభ లేదన్నారు. ఆ కాగితం మీద సంతకం బాలకోటయ్యది.

"అట్టా కాదయ్యా" అన్నాడు పక్కన నిలబడ్డ బక్కమనిషి. తెల్ల గడ్డం.

"ఎవరు నువ్వు?"

"మీరా సాహెబ్. వినుకొండ. ప్రతి మోకుకూ ఆ బజారోడొకడు, ఈ బజారోడొకడు. కలిపి నిలబెట్టు."

"కొట్టుకు చస్తారు సాయిబూ."

"చేతులు ఖాళీగా ఉంటే గదా."

ఇంకో దారి లేక బాలకోటయ్య సరేనన్నాడు. పండగ ఇంకా నాలుగు రోజులుంది, అందాకా రోజూ ఊళ్లోనే లాగి చూసుకోవాలి.

మీరా సాహెబ్ ఇంకో మెలిక పెట్టాడు. బజారు పేరు ఎత్తకూడదు. బిగించమన్నా, వదలమన్నా పేరు పెట్టి పిలవాలి.

"ఈడి పేరు నాకేం తెలుసు?" అన్నాడు పై బజారు బసవపున్నయ్య, మోకు మీద పక్కవాణ్ణి చూపించి.

"యాభై ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉన్నారు. అడుగు."

"మోకు పట్టించమంటే పేర్లు వల్లె వేయిస్తావేంది? ఇదేమన్నా బడా?" బాలకోటయ్య విసుక్కున్నాడు.

మీరా సాహెబ్ మోకు బిగించుకున్నాడు.

మొదటి రోజు పళ్లు కొరుకుతూ పిలిచారు. మూడో రోజుకు వరసలు కలిశాయి.

పండగ నాడు కొండ ముందు మలుపులో గాలి విసిరింది. ప్రభ ఎడమకు ఒరిగింది.

"పున్నయ్య మామా, బిగించు" అని అరిచాడు కింద బజారు తేజ.

"బిగించాలే. తేజా, నువ్వు వదులు."

ఎవరిది ఏ బజారో ఎవరూ చూడలేదు. ప్రభ నిలబడింది. కొండ కిందికి చేరింది.

అప్పుడు చూస్తే మీరా సాహెబ్ లేడు.

"అన్నం తిన్నాడా?" అన్నాడు బాలకోటయ్య.

"మీరు పెట్టారుగా?" అన్నాడు బసవపున్నయ్య తేజతో.

"మీ బజార్లో తింటున్నాడనుకున్నాం మామా" అన్నాడు తేజ.

"నిన్న?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మొన్న?"

తలలు దించుకున్నారు.

బాలకోటయ్యకు ఒళ్లు మండింది. "రెండు బజార్లుండి ఒక ముసలాయనకు నాలుగు రోజులు ముద్ద పెట్టలేదంట్రా. నేనన్నా అడిగానా, నా బుద్ధి కాలా."

ప్రభకు లైట్లు కట్టడానికి ఆ పొద్దునే వచ్చిన ఉస్మాన్ జనరేటరు దగ్గర ఉన్నాడు. అతనిదీ వినుకొండే.

"ఉస్మానూ, మీ ఊరాయన ఇల్లెక్కడ? పోయి తీసుకొస్తా."

"ఆయన రాడు పెద్దాయనా. తానెవరో చెప్పొద్దన్నాడు."

"చెప్పు. ఎవరాయన?"

ఉస్మాన్ చేతిలోని వైరు కింద పెట్టాడు.

"ఆరేళ్ల కింద మీ రెండు బజార్లు కొట్టుకుని మోకులు వదిలేస్తే, ఆ ప్రభ మీద పడి చచ్చిపోయిన లైట్ల కుర్రాడు షాకిర్ వాళ్ల నాన్న."